గులాబీ డ్రాయర్ల షెరీఫ్ గారికి నా సంపూర్ణ మద్దతు

మా భీమవరం బాబాయ్ ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. "ఒరేయ్ ఈ పార్టీలూ గీర్టీలూ కాదురా, ఒక్క స్ట్రిక్టు పోలీసోణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టు, ఆర్నెల్లలో అందరూ లైన్లో పడతారు." ఇరవయ్యేళ్ళ బట్టీ వింటున్నా. మొన్న ఫోన్లో మళ్ళీ అదే పాట ఎత్తుకుంటే, నేనుండేది అరిజోనాలో చాండ్లర్ కాబట్టి, బాబాయ్ నువ్వు కలలు కన్న మనిషి మా కౌంటీలోనే (మన జిల్లా లాంటిదనుకో) ఉన్నాడు, 24 ఏళ్ళు పోలీసు కుర్చీలో కూర్చున్నాడు కూడా, నీకు వివరాలు పంపిస్తా చూసుకుని నచ్చితే పిలిపించుకో అన్నా. ఆ వివరాలే ఇవి. ఒక బాధ్యతగల పౌరుడిగా, ఏ పక్షపాతమూ లేకుండా, పూర్తి సీరియస్‌గా రాస్తున్నా, నవ్వితే మీ ఇష్టం.

సంబంధం చూసేటప్పుడు ముందు ఇంటిపేరు అడుగుతాం కదా. ఇంటిపేరు ఆర్పాయో, పేరు జో. ఇంటిపేరు అలా ఉంది గానీ ఆయన ఆర్పిన మంట ఒక్కటి చూపించమంటే నేను కాస్త టైమ్ అడుగుతా. పుట్టింది 1932 జూన్ 14న, మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో. జూన్ 14 ట్రంప్ గారి పుట్టినరోజు కూడా, జాతకాలు నమ్మేవాళ్ళు ఇక్కడ ఆగి ఒక దండం పెట్టుకోవచ్చు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్ళు, నాన్నది కిరాణా కొట్టు. బయట దేశం నుంచి బతకడానికొచ్చిన ఇంట్లో పుట్టిన పిల్లాడు పెద్దయ్యాక బయట దేశం నుంచి బతకడానికొచ్చినవాళ్ళని పట్టుకోవడంలో పేరు తెచ్చుకున్నాడు. బస్సెక్కేదాకా "జరగండి జరగండి" అని, ఎక్కాక "రైట్ రైట్" అనడం మనకి కొత్తేం కాదు కదా.

ఎక్స్‌పీరియెన్స్ విషయానికొస్తే వంక పెట్టడానికి లేదు. వాషింగ్టన్‌లో పోలీసు, తర్వాత లాస్ వేగాస్‌లో పోలీసు, తర్వాత పాతికేళ్ళు డ్రగ్స్ పట్టుకునే సెంట్రల్ డిపార్ట్‌మెంట్‌లో టర్కీ మెక్సికో అన్నీ తిరిగి అరిజోనా ఆఫీసు హెడ్‌గా 1982లో రిటైరయ్యాడు. వేగాస్‌లో ఉన్నప్పుడు బండి స్పీడుగా నడుపుతున్న ఎల్విస్ ప్రెస్లీని ఆపానని ఆయనే చెప్పుకుంటాడు. రిటైరయ్యాక భార్య నడిపే ట్రావెల్ ఏజెన్సీలో చేరాడు, అక్కడ అంతరిక్షానికి వెళ్ళే రాకెట్‌కి టికెట్లు అమ్మారు. ఆ రాకెట్ లేవలేదు. లేవని రాకెట్‌కి టికెట్లు అమ్మిన మనిషి రాజకీయాల్లోకి రాకపోతే ఆ టాలెంట్ ఏమైపోవాలి?

1992లో మారికోపా కౌంటీ షెరీఫ్‌గా గెలిచాడు. షెరీఫ్ అంటే మన ఎస్పీ లాంటివాడే అనుకోండి, కాకపోతే ఇక్కడ ఓట్లేసి ఎన్నుకుంటారు, జైళ్ళు కూడా ఆయన చేతికిందే. అంతకుముందున్న షెరీఫ్ పరువు అప్పటికే పోయి ఉంది. 1991లో ఫీనిక్స్ దగ్గర ఒక బౌద్ధాలయంలో 9 మందిని చంపేస్తే, టూసాన్ నుంచి సంబంధం లేని మనుషుల్ని పట్టుకొచ్చి వాళ్ళచేత ఒప్పించారు. జనం విసిగిపోయారు, మార్పు కావాలన్నారు. మార్పంటే పోలీసు పని సరిగ్గా చెయ్యడం అని మీరూ నేనూ అనుకుంటాం. జో గారు అలా అనుకోలేదు, అందుకే ఆయన లీడరయ్యాడు మనం ఇక్కడ కూర్చుని కాలమ్స్ రాసుకుంటున్నాం.

1993లో టెంట్ సిటీ పెట్టాడు. జైలు కట్టడానికి డబ్బుల్లేవు, సరే కొరియా యుద్ధం నాటి పాత మిలటరీ టెంట్లు తెచ్చి బయలులో వేసి ఖైదీల్ని అందులో పడేశాడు. ఫీనిక్స్ ఎండ గురించి మీకు చెప్పాలంటే, రెంటచింతల వాళ్ళు వచ్చినా "ఇదేం ఎండరా నాయనా" అంటారు, 1990 జూన్ 26న ఇక్కడ 50 డిగ్రీలు కొట్టింది. మన రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక్కడ నాలుగు నెలలు అదే కార్తె. టెంటు లోపల ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. అలా ఎలా ఉంచుతారు సార్ అంటే ఇరాక్‌లో మన సైనికులు కూడా టెంట్లలోనే ఉంటున్నారు వాళ్ళేం నేరం చెయ్యలేదు కదా అన్నాడు. పైన గులాబీ రంగు నియాన్ బోర్డు ఒకటి, "ఖాళీలు గలవు" అని, మన హైవే లాడ్జిలకి ఉన్నట్టు. ఇది కౌంటీ ఖర్చుతో జరిగిన హాస్యం.

గులాబీ అంటే గుర్తొచ్చింది, తెలంగాణ మిత్రులు వేరేగా అనుకోవద్దు. ఖైదీలు జైలు తెల్ల డ్రాయర్లు ఎత్తుకుపోతున్నారని వాటికి గులాబీ రంగు వేయించాడు. దొంగతనం ఆగిందో లేదో గానీ ఆ డ్రాయర్లకి బయట గిరాకీ వచ్చింది, సంతకం పెట్టి మరీ అమ్మారు. ఉప్పు తీసేశాడు, మిరియాలు తీసేశాడు, కాఫీ తీసేశాడు, రోజుకి రెండు పూటలే తిండి, పోలీసు కుక్కల తిండికే ఇంతకన్నా ఎక్కువవుతుందని గొప్పగా చెప్పుకునేవాడు. 2013లో మాంసం కూడా బంద్. మనవాళ్ళు కార్తీక మాసం నెల్రోజులకే ఆపసోపాలు పడతారు. ఆడవాళ్ళకి కూడా కాళ్ళకి గొలుసులేసి రోడ్ల మీద పని చేయించాడు, సమానత్వం అంటే అదే మరి. కౌంటీ జైళ్ళలో ఉన్నవాళ్ళలో బోలెడుమంది మన చంచల్‌గూడ రిమాండు ఖైదీల్లాంటివాళ్ళు, ఇంకా కేసు తేలనివాళ్ళు, బెయిల్‌కి డబ్బుల్లేనివాళ్ళు. ఇలాంటి చిన్న చిన్న తేడాలు పట్టుకుంటే బ్యానర్ల మీద సింహం బొమ్మ పడదు. 2008లో ఫెడరల్ జడ్జి ఒకాయన ఈ జైళ్ళ పరిస్థితి రాజ్యాంగానికే విరుద్ధం, తినగలిగే తిండి పెట్టండి, మానసిక రోగాలకి మందులు వాడేవాళ్ళని చల్లగా ఉండే చోట ఉంచండి అన్నాడు. జడ్జిలకేం తెలుసు స్ట్రిక్ట్‌నెస్ గురించి.

ఇక అసలు సబ్జెక్టు, ప్రజల భద్రత. అమెరికాలోకెల్లా కఠినమైన షెరీఫ్ అని బిరుదు కదా, ఆ కఠినత్వం ఎవరి మీద పడిందో చూద్దాం. 1999లో ఒక 18 ఏళ్ళ కుర్రాడు బాంబు పెట్టి షెరీఫ్ గారిని చంపబోయాడని టీవీ కెమెరాల ముందు పట్టుకున్నారు. కుర్రాడు నాలుగేళ్ళు జైల్లో ఉన్నాక 2003లో జ్యూరీ ఏమందంటే, వీడికి వీడుగా చేసిందేం లేదు, పోలీసులే ఇరికించారు, వదిలేయండి అంది. కౌంటీ ఆ కుర్రాడికి 11 లక్షల డాలర్లు ఇచ్చుకుంది. హీరోకి విలన్ దొరక్కపోతే సొంత ఖర్చుతో తయారు చేయించుకోవడం మన ఇండస్ట్రీలో ఎవరికీ తప్పుగా అనిపించదు, అక్కడ ఎందుకో అనిపించింది.

2011 మార్చిలో లావీన్ అనే చోట ఒకాయన ఇంటి మీద రెయిడ్. సాయుధ బలగం, ట్యాంకు లాంటి కవచ వాహనం, అందులో హాలీవుడ్ యాక్షన్ హీరో స్టీవెన్ సీగల్ స్వయంగా, వెనకాల టీవీ షో కెమెరాలు. ఇంట్లో ఆ మనిషి ఒక్కడే. నేరం? కోడి పందేలు. వందకి పైగా కోళ్ళని అక్కడే చంపేశారు.

ఆ ఏడాదే డిసెంబర్లో ఇంకో సంగతి బయటపడి దేశమంతా పేపర్లకెక్కింది. ఇక్కడ కొంచెం నవ్వడం ఆపుదాం. ఎల్ మిరాజ్ అని ఒక ఊరుంది, పేరుకి అర్థం ఎండమావి, ఆ ఊరికి పోలీసు పని కొన్నాళ్ళు షెరీఫ్ ఆఫీసే చూసింది. అక్కడా కౌంటీలో మిగతా చోట్లా కలిపి 2007 దాకా మూడేళ్ళలో 400 పైచిలుకు లైంగిక నేరాల ఫిర్యాదుల్ని సరిగ్గా దర్యాప్తు చెయ్యలేదు, కొన్నిటిని అసలు ముట్టుకోలేదు. చిన్నపిల్లల మీద జరిగినవి కూడా ఉన్నాయి. షెరీఫ్ గారు క్షమాపణ చెప్పారు, "బాధితులు ఎవరైనా ఉంటే" సారీ అన్నారు. ఉంటే అట. ఫిర్యాదు రాసి సంతకం పెట్టి స్టేషన్ ఫోన్ కోసం ఎదురుచూసిన ఆ తల్లి, బాధితురాలు "అయ్యుంటే". నాకు ఈ ఒక్క మాట చాలు, మిగతా డ్రాయర్లూ టెంట్లూ అన్నీ దీని ముందు కట్టిన తెర అనిపిస్తుంది.

మరి ఆ మూడేళ్ళూ సిబ్బంది అంతా ఏం చేస్తున్నారు అంటారా? పాలసీ అమలు చేస్తున్నారు. పాలసీ ఏంటంటే పేపర్లు లేకుండా ఉంటున్నవాళ్ళని ఏరెయ్యాలి. వేలమంది వాలంటీర్లు కూడా ఉండేవాళ్ళు, పోసీ అనేవారు (వాలంటీర్లు అనగానే ఆంధ్రావాళ్ళు సీట్లో సర్దుకుని కూర్చుంటారని తెలుసు, వీళ్ళు పెన్షన్లు ఇచ్చేవాళ్ళు కాదులెండి). 2007లో కేవ్ క్రీక్ దగ్గర ఒక కారు ఆపి లోపలున్న మెక్సికన్ టూరిస్టుని గంటల తరబడి పట్టి ఉంచారు. ఆయన దగ్గర సరైన వీసా ఉంది. కేసు కోర్టుకెళ్ళింది, 2013 మేలో జడ్జి ముర్రే స్నో గారు ఈ ఆఫీసు మనిషి జాతి చూసి బళ్ళు ఆపుతోందని తేల్చారు. అంతకుముందే 2011లో కేంద్ర న్యాయశాఖ కూడా అదే చెప్పింది, ఇక్కడ లాటినో డ్రైవర్లని, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళని, ఆపడం మిగతావాళ్ళ కంటే 4 నుంచి 9 రెట్లు ఎక్కువ అని.

ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళ వైఖరి గురించి కూడా చరిత్రలో ఒక ముక్క రాసి పెట్టాలి. ఇక్కడ మనవాళ్ళు తక్కువేం కాదు, చిప్పుల ఫ్యాక్టరీలూ సాఫ్ట్‌వేరూ పుణ్యమా అని గుళ్ళూ దోశల హోటళ్ళూ అన్నీ వచ్చేశాయి. తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్కుల్లో "మనం లీగల్ కదండీ, పద్ధతిగా లైన్లో నిలబడి వచ్చాం, రూల్ అంటే రూలే, జో గారు చేసేది కరెక్టే" అనేవాళ్ళు. 2010లో ఎస్‌బీ 1070 చట్టం వచ్చింది, అనుమానం వస్తే పోలీసులు పేపర్లు అడగాల్సిందే అని. అంతే, అదే పాట్‌లక్కు మనుషులు పాలు కొనుక్కురావడానికి వెళ్తూ కూడా కార్లో పాస్‌పోర్టూ ఐ-797 అనే వీసా మంజూరు కాగితం జిరాక్సులూ పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎండలో నల్లబడ్డ గుంటూరాయన మొహం చూసి, ఇది మెక్సికో నలుపా పల్నాడు నలుపా అని కనిపెట్టే మిషన్ షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీ దగ్గర ఉండదని అప్పుడు తట్టింది. తట్టినా పైకి అనలేదు, అది వేరే సంగతి.

పొదుపు సంగతి మర్చిపోతే సంప్రదాయవాద అభ్యర్థికి అన్యాయం చేసినట్టే. ప్రభుత్వ ఖర్చు తగ్గించాలి అనేది ఆయన రిపబ్లికన్ పార్టీ మూలమంత్రం కదా, జో గారు ఉప్పు దగ్గర తగ్గించారు. ఫీనిక్స్‌లో న్యూ టైమ్స్ అనే వారపత్రిక ఆయన మీద రాసింది, 2007లో ఆ పత్రిక వాళ్ళ దగ్గర్నుంచి వెబ్‌సైటు ఎవరెవరు చదివారో ఆ లెక్క కూడా కావాలని సమన్లు వెళ్ళాయి, ఆ సంగతీ వాళ్ళు అచ్చేస్తే రాత్రికి రాత్రి పత్రిక పెద్దలిద్దర్ని అరెస్టు చేశారు. కౌంటీ చివరికి వాళ్ళకి 37 లక్షల 50 వేల డాలర్లు కట్టింది. 1996లో జైల్లో ఒక ఖైదీ చనిపోతే ఆ కుటుంబానికి 82 లక్షల 50 వేలు. జైళ్ళకని కేటాయించిన నిధుల్లో దాదాపు 10 కోట్ల డాలర్లు వేరే పనులకి వాడేశారని 2011లో కౌంటీ లెక్కల్లో తేలింది. జాతి వివక్ష కేసు బిల్లు కోట్ల డాలర్లు దాటి ఇంకా నడుస్తోంది, ఆయన దిగిపోయినా మీటర్ తిరుగుతూనే ఉంది. చింతపండు చారులో ఉప్పు మిగిల్చి పొలం కోర్టు ఖర్చులకి రాసిచ్చే పెదరాయుళ్ళని మన ఊళ్ళలో చాలామందిని చూశాం కాబట్టి ఈ పొదుపు మనకి కొత్తగా అనిపించదు.

దేశభక్తి? అది కూడా ఉంది. ఎల్ మిరాజ్ పక్కూరి పేరు సర్‌ప్రైజ్, నిజంగానే అదే పేరు. ఆ ఊరి టీ పార్టీ అనే సంప్రదాయవాద బృందం వాళ్ళు 2011లో వచ్చి ఒబామా అసలు అమెరికాలోనే పుట్టలేదు, బర్త్ సర్టిఫికెట్ దొంగది కాస్త చూడండి సార్ అన్నారు. 400 కేసులు చూడ్డానికి దొరకని టైమ్ దీనికి దొరికింది, ఏకంగా ఐదేళ్ళు. ఒక డిప్యూటీని ఒబామా పుట్టిన హవాయికి కూడా పంపించారు. 2016 డిసెంబర్లో, అంటే కుర్చీ దిగిపోవడానికి కొన్ని రోజుల ముందు, చివరి ప్రెస్‌మీట్ పెట్టి అది ఫోర్జరీయే అని ప్రకటించారు. ఒబామా కూడా ఎలాగూ దిగిపోతున్నాడు, ఇద్దరికీ సరిపోయింది.

కోర్టులంటే గౌరవం లేదని కొందరు గిట్టనివాళ్ళు అంటారు. ఉంది కాబట్టే కదా ఆ స్నో జడ్జిగారి భార్య ఏదో అందని ప్రైవేటు డిటెక్టివ్‌తో వాకబు చేయించారు, ఆ విషయం 2015లో బోనులో స్వయంగా ఒప్పుకున్నారు కూడా. అలా బళ్ళు ఆపొద్దని కోర్టు చెప్పినా ఆపుతూనే ఉన్నందుకు 2017 జులై 31న ధిక్కార నేరం రుజువైంది, ఆరు నెలల దాకా పడొచ్చు. శిక్ష వేసే రోజు రాకముందే ఆగస్టు 25న ట్రంప్ గారు క్షమాభిక్ష పెట్టేశారు, ప్రెసిడెంటుగా ఆయన పెట్టిన మొట్టమొదటి క్షమాభిక్ష అదే. చట్టం చట్టమే, తప్పు చేసినవాడు అనుభవించాల్సిందే అని 24 ఏళ్ళు చెప్పిన మనిషి ఒక్క రాత్రి కూడా గులాబీ డ్రాయరు వేసుకోలేదు. టెంట్ సిటీ కూడా ఆ ఏడాదే మూసేశారు, కాబట్టి వెళ్దామన్నా ఖాళీలు లేవు.

ఇవన్నీ బాబాయ్‌కి గంటసేపు చదివి వినిపించా. 2016లో కోటి డాలర్లకి పైగా చందాలు వచ్చినా షెరీఫ్ ఎన్నికల్లో ఓడిపోయాడని, అదే రాత్రి అదే అరిజోనాలో ట్రంప్ గెలిచాడని, 2018లో సెనేట్ టికెట్ కోసం సొంత పార్టీలోనే మూడోవాడిగా వచ్చాడని, 2020లో మళ్ళీ షెరీఫ్ టికెట్ కోసం దిగితే ఒకప్పటి తన డిప్యూటీ చేతిలోనే పోయిందని, 2022లో 90 ఏళ్ళ వయసులో ఫౌంటెన్ హిల్స్ అనే చిన్న ఊరి మేయర్‌కి నిలబడి 200 పైచిలుకు ఓట్ల తేడాతో పోయాడని కూడా చెప్పా. బాబాయ్ మధ్యలో అడ్డు రాలేదు. టెంట్లకి "మంచి పని" అన్నాడు, ఉప్పుకి "బీపీకి మంచిదే" అన్నాడు, వీసా ఆయన దగ్గర "ఆ, ఒకటీ అరా జరుగుతుంటాయ్ లేరా" అన్నాడు, 400 కేసుల దగ్గర కాసేపు ఏం మాట్లాడలేదు, క్షమాభిక్షకి "పెద్దవాళ్ళు ఒకరికొకరు ఆ మాత్రం చేసుకోరా" అన్నాడు.

"అయితే మరి పిలిపించమంటావా బాబాయ్?"

"ఆగరా... ఆ కోళ్ళు ఏ రకం?"

"ఏ కోళ్ళు?"

"అదే, ట్యాంకేసుకొచ్చి చంపారన్నావే. డేగలా, నెమళ్ళా?"

"తెలీదు బాబాయ్."

"వంద కోళ్ళు! జీడిపప్పూ బాదం పప్పూ పెట్టి పెంచిన పుంజు ఒక్కోటి ఎంతుంటుందో తెలుసా నీకు? నోరులేని జీవాల మీదకి ట్యాంకు తోలినవాణ్ణి తెచ్చి మా నెత్తిన పెడతావా నువ్వు? బుద్ధుందా? ఇంకెవడైనా ఉంటే చూడు, కాస్త స్ట్రిక్టుగా ఉండేవాణ్ణి."