గేటు దగ్గర ఆ కుర్చీ తీయించండి

1975లో ఎమర్జెన్సీ పెట్టిన జూన్ 25 అనగానే నెల్లూరులో, ఒంగోలులో మైకులు లేస్తాయి. ఇందిరాగాంధీ నియంత అని ఒకరు, పేదల ఇందిరమ్మ అని ఇంకొకరు. 2024 జులైలో కేంద్రం ఆ తేదీని రాజ్యాంగ హత్యా దినంగా ప్రకటించాక ఈ తంతు మరీ ముదిరింది. ఆ మైకుల ముందు నిలబడే వాళ్లందరికీ మా ప్రశ్న ఒక్కటే: మీ ఏలుబడిలో ముందస్తు అరెస్టులు ఆగాయా?

ఆవిడ చేసిన మేలు కాదనలేం. 1969లో 14 బ్యాంకుల్ని, 1980లో మన ఆంధ్రా బ్యాంకుతో సహా మరో ఆరింటిని జాతీయం చేశారు. పాడిగేదెకు అప్పు కావాలని పేద ఆడమనిషి బ్యాంకు మెట్లెక్కగలిగింది ఆ తర్వాతే. వేలిముద్ర వేసి తీసుకున్న పాస్‌బుక్కును బియ్యం డబ్బాలో దాచుకున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. 1977లో ఉత్తరాది ఆవిడ పార్టీని ఊడ్చేస్తే, ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కట్టబెట్టింది. నెల్లూరు, ఒంగోలు కూడా అందులోవే.

అయితే ఆవిడ నేర్పిపోయిన పాడు అలవాటు ఒకటుంది. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆవిడ ఎన్నిక చెల్లదంది. 13 రోజులు తిరిగేసరికి దేశమే ప్రమాదంలో పడిందన్నారు. కుర్చీకి వచ్చిన ముప్పును దేశానికి అంటగట్టి, ప్రతిపక్ష నాయకుల్ని, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జైళ్లలో వేశారు. ఆ రాత్రి ఢిల్లీలో పత్రికలకు కరెంటు తీసేశారు. పత్రికగా మేం అది మరిచిపోలేం.

ఆ అలవాటును ఆవిడను తిట్టేవాళ్లే ఇప్పుడు భద్రంగా సాకుతున్నారు. ముఖ్యమంత్రి జిల్లాకు వస్తున్నారంటే ముందురోజు రాత్రే యూనియన్ నాయకుల తలుపు తడతారు. తెల్లారేసరికి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ, అందులో కానిస్టేబుల్. పాల ప్యాకెట్ కోసమని బయటికొస్తే "పైనుంచి ఆర్డరండీ, ఈ పూటకి లోపలే ఉండండి" అంటాడు. నేరమేమిటో చెప్పరు, కాగితం చూపరు. 2024 జనవరిలో జీతం పెంచమని సమ్మెలో కూర్చున్న అంగన్‌వాడీ కార్యకర్తల మీద, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. దేశానికి ఒక ఆడమనిషి ప్రధాని అయిందని మురిసిపోయిన తల్లుల కూతుళ్లు వాళ్లు. తర్వాత ప్రభుత్వం మారింది. గేటు దగ్గర కుర్చీ మాత్రం కదల్లేదు.

శాంతిభద్రతల కోసం ఇవి తప్పవని అధికారులంటారు. ఆంతరంగిక కల్లోలం అని 1975లో చెప్పిందీ ఇదే మాట.

సైమన్ కమిషన్ నాడు మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పుట్టిన గడ్డ ఇది. ఇక్కడ సభలు పెట్టే నాయకులకు గట్టిగానే చెబుతున్నాం. జిల్లా ఎస్పీకి ఫోన్ చేసి, ముందు ఆ కుర్చీ తీయించండి. అది చేతకాకపోతే వచ్చే జూన్ 25న ఎమర్జెన్సీ గురించి మైకు పట్టుకోకండి.