రెగ్‌బ్యాక్ నుంచి కాపీ కొడితే రిజిస్ట్రీ తిరిగొస్తుందా? ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు నడిపేవాళ్ల మధ్య ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం: "కరెంటు పోయి రిజిస్ట్రీ కరప్ట్ అయితే కంగారొద్దు. రికవరీ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటే చాలు. చెక్‌డిస్క్, ఎస్ఎఫ్‌సీ నడపండి. తర్వాత రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌లోని ఐదు ఫైళ్లను కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి కాపీ కొట్టి, లాగ్ ఫైళ్లు తీసేయండి. రెగ్‌బ్యాక్ ఖాళీగా ఉంటే పక్క సిస్టమ్ నుంచి తెచ్చుకోండి. డేటాకు ఢోకా లేదు."

రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు, డ్రైవర్లు, ప్రోగ్రాముల వివరాలు దాచుకునే చోటు. కాన్ఫిగ్ దాని ఫైళ్లుండే ఫోల్డర్, రెగ్‌బ్యాక్ వాటి నకళ్ల ఫోల్డర్. చెక్‌డిస్క్ డిస్క్ లోపాలు వెతికే కమాండ్, ఎస్ఎఫ్‌సీ విండోస్ ఫైళ్లను సరిచూసే కమాండ్. మెసేజ్‌లో కొంత ఒకప్పుడు నిజమే. ఇప్పటి విండోస్ 10, 11 మీద ఉన్నదున్నట్టు చేస్తే మాత్రం, తేలిగ్గా లేచే సిస్టమ్ కూడా ఇక లేవని స్థితికి వస్తుంది. కమాండ్ల పేర్లు ఇక్కడ పలికినట్టే రాశాం, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.

"రికవరీ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటే చాలు." చాలదు. మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద చేసుకునే డిస్క్‌లో మీ రిజిస్ట్రీ ఉండదు. మీ ప్రింటర్లు, వేలిముద్రల మెషీన్ డ్రైవర్, మీరు వేసుకున్న ప్రోగ్రాములు, వీటి సంగతి దానికి తెలియదు. అది ర్యామ్‌లో ఒక చిన్న విండోస్‌ను ఎక్స్ డ్రైవ్‌గా లేపి, పాడైన సిస్టమ్ లోపలికి వెళ్లే దారి ఇస్తుంది, అంతే. రిజిస్ట్రీ మాత్రం మీ కంప్యూటర్‌లోనే ఎక్కడో మిగిలి ఉండాలి, లేదా ముందే మీరు దాచి ఉంచి ఉండాలి. అక్కడ రెగ్ఎడిట్ (రిజిస్ట్రీని చూసి మార్చే ప్రోగ్రాం) తెరిస్తే కనిపించేది కూడా పెన్‌డ్రైవ్ విండోస్ రిజిస్ట్రీయే. అందులో ఎంత మార్చినా రీస్టార్ట్‌తో అంతా పోతుంది. డ్రైవ్ అక్షరాలూ మారిపోవచ్చు, మీ సీ డ్రైవ్ అక్కడ డీ కావచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌లోకి వెళ్లి లిస్ట్ వాల్యూమ్ కొట్టి, సైజు చూసి, విండోస్ ఏ అక్షరం మీద ఉందో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి.

"రెగ్‌బ్యాక్‌లోని ఐదు ఫైళ్లను కాపీ కొట్టండి." ఎక్కువ సిస్టమ్‌లు పాడయ్యేది ఈ మాట వల్లే. విండోస్ 7, 8.1 రోజుల్లో, విండోస్ 10 మొదటి వెర్షన్లలో, సిస్టమ్, సాఫ్ట్‌వేర్, శామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అనే ఐదు రిజిస్ట్రీ ఫైళ్ల నకళ్లను విండోస్ తనంతట తానే సిస్టమ్32 లోపలి కాన్ఫిగ్, దాని లోపలి రెగ్‌బ్యాక్‌లో దాచేది. అప్పటికి ఈ చిట్కా మంచిదే. 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దీన్ని ఆపేసింది. డిస్క్‌లో చోటు మిగల్చడానికి కావాలనే చేసిన మార్పు ఇది, బగ్ కాదు. ఫోల్డర్ ఉంటుంది, పేర్లు కూడా కనిపించవచ్చు, సైజు మాత్రం 0. ఆ సున్నా ఫైలును పాడైన 'సిస్టమ్' అనే ఫైలు మీద కాపీ చేస్తే, లోపల చెడిపోకుండా మిగిలిన భాగం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. మెసేజ్ పంపేవాళ్లలో ఎవరూ ముందు సైజు చూడమని చెప్పడం లేదు. రెగ్‌బ్యాక్‌లోకి వెళ్లి డీఐఆర్ (ఫైళ్ల లిస్టు చూపే కమాండ్) కొట్టి ఒక్కసారి చూస్తే తెలిసిపోయే విషయమిది. సైజులు ఎంబీల్లో ఉండి, ఐదింటి తేదీ ఒకటే అయితే అప్పుడు ఐదింటినీ కలిపి వాడుకోవచ్చు. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపితే మధ్యలో పడిన అప్‌డేట్లకూ డ్రైవర్లకూ పొంతన కుదరదు.

"లాగ్ ఫైళ్లు తీసేయండి." దీన్ని ఎంత గట్టిగా ఖండించినా తక్కువే. సిస్టమ్ ఫైలు పక్కనే సిస్టమ్ డాట్ లాగ్1, లాగ్2 అని రెండు ఫైళ్లు ఉంటాయి. విండోస్ 8.1 నుంచి రిజిస్ట్రీలో జరిగే మార్పు ముందు ఈ లాగ్‌లోనే పడుతుంది. అసలు ఫైలులోకి తర్వాత ఎక్కుతుంది, కొన్నిసార్లు గంట దాకా పట్టవచ్చు. కరెంటు పోయింది ఆ మధ్యలో అయితే అసలు ఫైలు సగం రాతలో ఆగిపోతుంది, దాన్ని పూర్తి చేసే సమాచారం లాగ్‌లో ఉంటుంది. లాగ్ తీసేయడమంటే మిగిలిన ఒక్క ఆధారాన్ని చేజేతులా పారేయడమే.

పెన్‌డ్రైవ్‌తో లేచాక మొదట చేయాల్సింది కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం. మామూలు కాపీ కమాండ్ వాడొద్దు. లాగ్ ఫైళ్లు హిడెన్‌గా ఉంటాయి కాబట్టి అది వాటిని వదిలేస్తుంది. రోబోకాపీ అనే కమాండ్ వాడండి, అది వాటినీ తీసుకుంటుంది. చూసుకోవడానికి డీఐఆర్ తర్వాత స్లాష్ ఏ పెట్టండి, లేకపోతే ఆ ఫైళ్లు లిస్టులో కూడా కనబడవు.

నకలు భద్రమయ్యాక, రిజిస్ట్రీ ఫైలును తెరిచే రెగ్ లోడ్ కమాండ్ కొట్టండి. దాని పక్కన ముందు హెచ్‌కేఎల్ఎమ్ (రిజిస్ట్రీలో ఒక ప్రధాన భాగం), బ్యాక్‌స్లాష్, ఏదో ఒక తాత్కాలిక పేరు, తర్వాత ఖాళీ వదిలి పాడైన సిస్టమ్ ఫైలు పూర్తి దారి. లోడ్ చేసేటప్పుడే విండోస్ పక్కనున్న లాగ్‌ను చదివి మిగిలిన మార్పులను ఎక్కించి, దెబ్బతిన్న చోట్లను చేతనైనంత సరిచేస్తుంది. లోడ్ అయితే అదే పేరుతో రెగ్ అన్‌లోడ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. కొన్నిసార్లు పని ఇక్కడితో అయిపోతుంది. పెన్‌డ్రైవ్‌లోని విండోస్ మాత్రం సిస్టమ్‌లో ఉన్నదానికి సమానమైనదో, కొత్తదో అయి ఉండాలి. రిజిస్ట్రీ డేటాబేస్ కరప్ట్ అని వచ్చి లోడ్ కాకపోతే ఆ ఫైలు నిర్మాణమే చెడింది. సాఫ్ట్‌వేర్ ఫైలుతో కూడా ఇదే చేసి, రెండింటిలో ఏది పాడైందో తేల్చుకోండి.

అప్పుడు మిగిలే మంచి దారి రిస్టోర్ పాయింట్, అంటే విండోస్ ముందే దాచి ఉంచిన తన పాత స్థితి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రిస్టోర్. రిస్టోర్ పాయింట్‌లో రిజిస్ట్రీ ఫైళ్లూ ఉంటాయి, మీ డాక్యుమెంట్ల జోలికి అది పోదు. సిస్టమ్ ప్రొటెక్షన్ (రిస్టోర్ పాయింట్లు దాచే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే మాత్రం లిస్టు ఖాళీగా వస్తుంది.

"పక్క సిస్టమ్ నుంచి తెచ్చుకోండి." వద్దు. సిస్టమ్ ఫైలులో ఆ మెషీన్ డ్రైవర్లు, సర్వీసులు, డిస్క్ గుర్తులు ఉంటాయి. శామ్‌లోని పాస్‌వర్డ్ సమాచారాన్ని విప్పే తాళంచెవి కూడా సిస్టమ్ ఫైలులోనే ఉంటుంది. ఒకటి మీది, ఒకటి పక్కవాళ్లది అయితే లాగిన్ దగ్గరే ఆగిపోతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయినా ఇంతే.

"ఎస్ఎఫ్‌సీ నడపండి." ఎస్ఎఫ్‌సీ విండోస్ సొంత ఫైళ్లను చూస్తుంది, రిజిస్ట్రీని కాదు. బూట్‌రెక్ కమాండ్ కూడా విండోస్ లేచే (బూట్) సంగతే చూస్తుంది. నష్టం లేదు, లాభమూ లేదు.

"చెక్‌డిస్క్ నడపండి." ఇక్కడ క్రమమే తప్పు. రిజిస్ట్రీ పాడవడానికి కరెంటు కోతే కారణం కానక్కర్లేదు, పోతున్న హార్డ్‌డిస్క్ కావచ్చు, చెడిన ర్యామ్ కావచ్చు. డిస్క్‌ను వేరే సిస్టమ్‌కు తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) చూడండి. చెడిన చోట్లను లెక్కించే 05, సీ5, సీ6 వరుసల్లో రా విలువ సున్నా దాటి పెరుగుతూ ఉంటే ఆ డిస్క్ మీద చెక్‌డిస్క్ పెట్టొద్దు. గంటల తరబడి చదివించి దాని ఊపిరి తీయడమే అవుతుంది. ముందు క్లోన్ (డిస్క్ మొత్తానికి నకలు) తీయాలి, తర్వాతి పనులన్నీ క్లోన్ మీదే. బాగుచేసిన వారానికే మళ్లీ అదే ఎర్రర్ వస్తోందంటే మెమ్‌టెస్ట్‌తో ర్యామ్ పరీక్షించండి.

"డేటాకు ఢోకా లేదు." ఏ దారీ పని చేయకపోతే చివరికి విండోస్ రీసెట్‌కు రావాలి. కీప్ మై ఫైల్స్ ఎంచుకున్నా ప్రోగ్రాములన్నీ పోతాయి. సీ డ్రైవ్‌లో యూజర్ ఫోల్డర్ల బయట డేటా పెట్టుకునే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ ఫోల్డర్‌ను ముందే బయటికి తీయాలి. పత్తి, వేరుశనగ వ్యాపారుల ఏడాది లెక్కలు పోయేది ఈ దశలోనే. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి బిట్‌లాకర్ తరహా ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే పెన్‌డ్రైవ్‌తో లేచినా డ్రైవ్ తెరుచుకోదు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఈరోజే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

పాత రెగ్‌బ్యాక్ అలవాటును మళ్లీ తెచ్చుకోవచ్చు కూడా. సిస్టమ్ బాగున్నప్పుడే రెగ్ఎడిట్‌లో హెచ్‌కేఎల్ఎమ్ కింద సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్, కాన్ఫిగరేషన్ మేనేజర్ దాకా వెళ్లి, ఎనేబుల్‌పీరియాడిక్‌బ్యాకప్ అని ఖాళీలు లేకుండా కొత్త డీవర్డ్ (సంఖ్యను ఉంచే ఎంట్రీ) చేసి విలువ 1 పెట్టి రీస్టార్ట్ చేయండి. తర్వాత టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, రిజిస్ట్రీ కింద రెగ్ఐడిల్‌బ్యాకప్‌ను ఒకసారి చేత్తో రన్ చేసి, రెగ్‌బ్యాక్‌లో సైజులు సున్నా కాదని కళ్లారా చూసుకోండి. ఆ నకలు అదే డిస్క్‌లో ఉంటుంది కాబట్టి డిస్క్ పోతే అదీ పోతుంది. అందుకని నెలకోసారి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో రెగ్ సేవ్ కమాండ్‌తో ఐదింటినీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. డిఫాల్ట్ కోసం హెచ్‌కేయూ (రిజిస్ట్రీలో ఇంకో భాగం) కింద డాట్ డిఫాల్ట్, మిగతా నాలుగూ హెచ్‌కేఎల్ఎమ్ కింద ఉంటాయి. రెగ్ఎడిట్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన డాట్ రెగ్ ఫైలు దీనికి బదులు కాదు. అది టెక్స్ట్ ఫైలు, లేవని సిస్టమ్‌లో కాన్ఫిగ్‌లోకి కాపీ చేసి వాడుకోవడం కుదరదు.