ముందు ఓటీపీ, తర్వాతే నొప్పి

బెంగళూరు కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఇప్పుడు మొదట చూసేది నాడి కాదు, ఓటీపీ. ఇదంతా రోగి గోప్యత కోసమేనట. నమ్మనివాళ్లు మారతహళ్లి వైపు రండి. పేరెందుకు లెండి, ఏ ఆసుపత్రైనా ఒకటే.

అనంతపురం నుంచి మోకాళ్ల నొప్పితో వచ్చిన మా మామయ్య చేతికి కౌంటర్లో అమ్మాయి ట్యాబ్ ఇచ్చి, "టిక్ పెట్టండి అంకుల్" అంది.

"ఏముందమ్మా ఇందులో?"

"ఏం లేదంకుల్, ప్రైవసీ."

ఏం లేని ఆ ప్రైవసీని ఆయన వేలితో ఎంత పైకి తోసినా ఇంగ్లీషు అయిపోలేదు. నిజానికి 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ నోటీసును తెలుగులో చదువుకునే వీలు ఇవ్వాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ కంపెనీలు సర్దుకోవాలి కదా, పాపం, అప్పట్నుంచి 18 నెలలు గడువు. మామయ్య మోకాళ్లే కాస్త తొందరపడ్డాయి.

టిక్ పెట్టారో లేదో, మైకు మోగింది. ఇంటిపేరుతో సహా పిలిచి, "మోకాళ్లు, షుగర్, పైల్స్... మూడో నంబర్ రూమ్!" హాలంతా తల తిప్పి చూసింది. కాసేపటికి ఆయన రక్తపరీక్ష రిపోర్టు తీసుకుందామని నేను వెళ్తే అదే అమ్మాయి గొంతు తగ్గించి, "సారీ సార్, పేషెంట్ ప్రైవసీ" అంది.

లోపల డాక్టరుగారు తల ఎత్తలేదు. "మీరు మాట్లాడుతూ ఉండండి, ఏఐ రాసుకుంటుంది" అన్నారు. నిజంగానే రాసుకుంది. కోడలు కూరల్లో నూనె దిట్టంగా పోస్తుందని అత్తయ్య పక్కనుంచి గొణిగినది కూడా కేసు షీట్లో ఫ్యామిలీ హిస్టరీ కింద చేరిపోయింది. ఇకపై ఆ వంశంలో ఎవరికి గుండెపోటొచ్చినా కోడలే కారణం.

ఈ యంత్రం తప్పు రాస్తే జవాబు ఎవరు చెప్పాలి? 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఏఐకి నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, మనిషి పర్యవేక్షణ ఉండాలంది, జవాబుదారీ ఉండాలంది. మంచి మాటలే. వైద్యంలో ఏఐకి విడిగా చట్టం మాత్రం లేదు.

మర్నాడు పొద్దున్నే మోకాలి బెల్టులవాళ్ల ఫోన్. తర్వాత షుగర్ తగ్గించే పౌడరువాళ్లది. "ఊరు మంచిదే అల్లుడూ, అందరూ పలకరిస్తాండారు" అన్నారు మామయ్య.

నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. 2024లో కన్నుమూసేదాకా ఈ ఊళ్లోనే ఉన్న రిటైర్డ్ జడ్జి కె.ఎస్. పుట్టస్వామి ఎనభై దాటాక కోర్టుకెక్కారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చేత అనిపించిన కేసు ఆయనదే. ఆ హక్కును వీళ్లు ఒక టిక్కు కింద తొక్కేస్తున్నారు. పాత ఐటీ చట్టం కింద వచ్చిన 2011 నియమాలు ఆరోగ్య వివరాలను సున్నితమైనవని విడిగా చూశాయి. కొత్త చట్టంలో ఆ విభజనే లేదు. మామయ్య పైల్సూ, ఆయన పిజ్జా ఆర్డరూ ఒకే కట్ట! డేటాను కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని గొప్పగా చెబుతారు. ఆ డబ్బు వెళ్లేది కేంద్ర ఖజానాకు. పరువు పోయిన మనిషికి పైసా రాదు. పాత ఐటీ చట్టంలో పరిహారం అడగడానికి 43ఏ సెక్షనుండేది, దాన్నీ ఈ చట్టమే తీసేస్తోంది. పైగా రోగి చేసింది పనికిమాలిన ఫిర్యాదని తేలితే ఆయనకే 10,000 దాకా జరిమానా. మామయ్య నెల మందులకు కూడా అంతవదు.