30 సెంట్ల రాయి, ఎకరమంత కాగితం

25వ పెళ్లిరోజుకి మీ కోడలికి 30 సెంట్లు కొంటున్నానని ఫోన్‌లో చెప్పగానే పెదనాన్న అడిగిన మొదటి మాట, "ఏ ఊళ్లో రా? రోడ్డు బిట్టేనా?" అని. భూమి కాదు పెదనాన్నా, వజ్రం, క్యారెట్‌కి వంద సెంట్లు, ఆ లెక్కన 30 సెంట్లంటే 60 మిల్లీగ్రాములు అని విడమరిచి చెప్పాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా, "సరే గానీ, కాగితాలు సరిగ్గా ఉన్నాయా?" అన్నాడు.

ఎంత సంతోషమేసిందో. ఉన్నాయి మరి. అసలు ఉన్నదే కాగితం. రాయి సూరత్‌లోనో ముంబైలోనో ఎవరి లాకర్లోనో ఉంది, నేను సికింద్రాబాద్‌లో ఉన్నాను, మా ఇద్దరికీ మధ్య ఒక పీడీఎఫ్, ల్యాబు ఆ రాయికి మార్కులు వేసిచ్చిన కాగితం.

రాయిని చేత్తో పట్టుకుని చూసి కొనడం నాగరికత అంటని వాళ్లు చేసే పని. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు వెళ్లి చూడండి, తొలకరి పడితే చాలు, సద్ది కట్టుకుని వచ్చి చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతుంటారు, ఎవరికైనా దొరికితే వ్యాపారి వస్తాడు, రాయిని ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పుతాడు, ఒక ధర చెబుతాడు, నాలుగు కేకలయ్యాక బేరం తెగుతుంది. గ్రేడు లేదు, హోలోగ్రామ్ లేదు, క్యూఆర్ కోడ్ లేదు. వట్టి కళ్లు! ఇలాగైతే దేశం ఎప్పటికి బాగుపడాలి?

నిజానికి వజ్రాన్ని చూడకుండా బేరమాడటంలో హైదరాబాద్‌ది పాత చెయ్యే. 1891లో సిమ్లా వ్యాపారి అలెగ్జాండర్ జేకబ్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ముందు తెచ్చింది రాయిని కాదు, దాని నమూనాని. మధ్యవర్తి నిజాం గారి కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ (అవును, మన ఆబిడ్స్‌కి పేరిచ్చిన ఆబిడే). 46 లక్షలకి మాట, 23 లక్షలు ముందే జమ. తీరా అసలు రాయి వచ్చాక ప్రభువుల వారికి నచ్చలేదు, గొడవ కలకత్తా కోర్టుకెక్కింది. ఏడు రోజుల రిటర్న్ పాలసీ అప్పట్లో లేదు పాపం. 184.75 క్యారెట్ల ఆ జేకబ్ వజ్రమే తర్వాత ఏడో నిజాంకి తండ్రి గారి బూటు కొసలో దొరికిందని, ఆయన దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నారని చెబుతారు. అప్పుడు కాగితం మీద వజ్రం కూర్చునేది. ఇప్పుడు వజ్రం నెత్తిన కాగితం కూర్చుంది.

రాత్రి పదకొండింటికి నేనూ మా బావమరిదీ డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచాం. వాడు దేన్నయినా రెండు వీడియోల్లో నేర్చేసుకుంటాడు. "రంగు డి నుంచి జెడ్ దాకా బావా, డి అన్నిటికంటే తెలుపు" అన్నాడు. మా ఇంట్లో డి వస్తే నాన్న బెల్టు తీసేవారు. 1953లో జీఐఏ అనే అమెరికా వజ్రాల సంస్థ వాళ్లు ఈ వరస పెట్టేనాటికే వ్యాపారులు ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని ఎవరికి తోచినట్టు వాళ్లు వాడేసి ఆ అక్షరాల పరువు తీశారు, అందుకని డితో మొదలెట్టారు. ఇక స్వచ్ఛతకి పదకొండు మెట్లు. అందులో వీవీఎస్ కనబడగానే నాకు ఈడెన్ గార్డెన్స్‌లో మన లక్ష్మణ్ కొట్టిన 281 గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి, ఇంకేం చూడొద్దు ఇదే కొనేద్దాం అన్నాను, ధర చూశాక మర్యాదగా వీఎస్2కి దిగొచ్చాను. పదింతలు చేసి చూపించే భూతద్దం పెట్టినా తిన్నగా దొరకని మచ్చ లేనందుకు అంత డబ్బు! పేరంటానికి భూతద్దం పట్టుకుని ఎవరొస్తారు, మా మేనత్త తప్ప.

బరువు సంగతి ఇంకా చిత్రం. 0.29కీ 0.30కీ తేడా రెండు మిల్లీగ్రాములు, అంటే ఆవగింజంత, ధర మాత్రం సరిగ్గా అక్కడే మెట్టెక్కుతుంది. అందుకని కొందరు రాయిని ఎలాగోలా 30 దాటించాలని అడుగున లావుగా వదిలేస్తారు. బాగా కోసిన 30 సెంట్ల గుండ్రటి రాయి పైనుంచి 4.3 మిల్లీమీటర్ల దాకా కనబడాలి. 4.1 అని రాసుందంటే బరువంతా పొట్టలో దాచుకుందన్నమాట, మన వయసు మగవాళ్లలాగే.

కట్ ఎక్సలెంట్, పాలిష్ ఎక్సలెంట్, సిమెట్రీ ఎక్సలెంట్. బావమరిది చదువుతుంటే టీవీలో కాలేజీల యాడ్ విన్నట్టే ఉంది, ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని. జీఐఏ గుండ్రటి రాళ్లకి కట్ గ్రేడు ఇవ్వడం మొదలెట్టింది 2006లో. ఓవల్, పేర్ లాంటి రాళ్ల కాగితాల మీద మామూలుగా కనబడే ఎక్సలెంట్లు పాలిష్‌వీ సిమెట్రీవీ మాత్రమే, వెలుగుని ఎంత వెనక్కి కొడుతుందన్న అసలు సబ్జెక్టులో పరీక్షే రాయలేదు. కోత విషయంలో మన కోహినూరే తప్పింది తెలుసా? 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో జనం చూసి, ఇదేంటి మెరవదేం అని పెదవి విరిస్తే, మరుసటి సంవత్సరం మళ్లీ సానపట్టి 186 క్యారెట్ల నుంచి 105కి తెచ్చారు. సప్లిమెంటరీలో గట్టెక్కింది గానీ ఒళ్లు సగమైంది.

మా రాయికి అలాంటి గండాలేం లేవు. "మచ్చలు చూపించే బొమ్మలో ఒక్క చుక్కా లేదు చూడు బావా, ఇంత క్లీన్ రాయి ఈ రేటుకా!" అని బావమరిది టేబుల్ మీద కొట్టాడు. ఫ్లోరెసెన్స్ (అంటే యూవీ లైటు కింద రాయి వెలిగే గుణం) స్ట్రాంగ్ అని ఉంది. స్ట్రాంగ్ అంటే మంచిదేగా అనుకున్నాం. డబ్బు కట్టేశాం. కాగితం కింద చిన్న అక్షరాల్లో, ఇది గ్యారంటీ కాదు, ధర కట్టింది కాదు అని ఆ ల్యాబువాళ్లే రాసుకున్నారు, దాన్ని వినయం అనుకున్నాం. ల్యాబులన్నీ ఒకే చేత్తో మార్కులు వేయవని కూడా బావమరిది రెండో వీడియోలో ఉందట, 2014లో రాప్‌నెట్ అనే వజ్రాల అంగడి ఈజీఎల్ అనే ల్యాబుల పేరున్న రిపోర్టులన్నిటినీ జాబితాలోంచి తీసి పక్కన పెట్టిన కథతో సహా. అంతలో నిద్రొచ్చి వీడియో ఆపేశాడు.

కాగితం, దాంతోపాటు ఉంగరం, నాలుగో రోజున వచ్చాయి. ఉంగరాన్ని మా ఆవిడకిచ్చి, కాగితం తీసుకుని నేరుగా కిందనున్న జిరాక్స్ షాపుకెళ్లి లామినేషన్ చేయించాను. ఇంటి పట్టాకి కూడా అంత శ్రద్ధ చూపించలేదు.

తిరిగొచ్చేసరికి అమ్మ బాల్కనీలో తులసి కుండీ పక్కన నిలబడి ఉంది. ఉంగరాన్ని అరచేతిలో పెట్టుకుని ముందు ఎండలో చూసింది, తర్వాత చీర కొంగు నీడ పట్టి చూసింది, తన చెవి దుద్దు ఒకటి తీసి పక్కన పెట్టింది. అమ్మమ్మ ఇచ్చిన ఏడు రాళ్ల దుద్దులవి, కాగితం లేదు, గ్రేడు లేదు, కాస్త పసుపు కూడా కొడతాయి. కానీ అమ్మ చెయ్యి కదిలినప్పుడల్లా గోడ మీద ఎర్రగా, నీలంగా చుక్కలు పరుగెత్తుతున్నాయి. నా రాయి వైపు గోడ గోడలాగే ఉంది.

"తెల్లగానే ఉంది రా. నీళ్లలో పాలచుక్క పడ్డట్టుంది, అంతే" అంది అమ్మ.

లామినేషన్ మీద లైటు మెరుస్తుంటే వంచి వంచి మళ్లీ చదివాను. కామెంట్స్ అని అట్టడుగున ఒక లైను. ఈ గ్రేడు బొమ్మలో చూపించని మబ్బుల ఆధారంగా ఇచ్చినది అని దాని భావం. అంటే బొమ్మలో చుక్క లేనిది రాయి కడిగిన ముత్యమై కాదు, మబ్బు రాయంతా కమ్ముకుంటే ఎక్కడని గీస్తారు? కాగితం మీద ప్లాటు, వెళ్లి చూస్తే చెరువు. అబద్ధం ఒక్కటీ లేదు, అన్నీ రాసే ఉన్నాయి.

రిటర్న్ కోసం ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "రింగ్ మీద గీతలేమైనా పడ్డా మేం పాలిష్ చేసుకుంటాం సార్, ప్రాబ్లమ్ లేదు. సర్టిఫికెట్ మాత్రం ఒరిజినల్ కండిషన్‌లో ఉండాలి. లామినేషన్ లాంటివేం చేయించలేదు కదా సార్?"

బావమరిదికి కబురు పెట్టాను. లామినేషన్ ఊడదీయడం మీద వీడియో దొరికిందట, ఇప్పుడే వచ్చి ఇస్త్రీ పెట్టె ఎక్కడుందని అడుగుతున్నాడు.