ప్రొనౌన్ అగ్రిమెంటు దొరవారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ప్రొనౌన్ అగ్రిమెంటు దొరవారి సముఖానికి,

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక అద్దాల మేడలో కూర్చుని, సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాసుకుని బతికే ఒక తెలుగు ప్రాణి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమం గురించే కాస్త అనుమానంగా ఉంది. తమరు పుట్టి పెరిగిన దేశంలో తమ మాట చెల్లడం ఎప్పుడో తగ్గిపోయిందని వింటున్నాం. మా దగ్గర మాత్రం తమ అధికారం మూడు పూటలా సాగుతూనే ఉంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు.

ఇంగ్లీషు వ్యాకరణంలో తమరి శాసనం చిన్నదే. ముందు ఏ నామవాచకం వచ్చిందో, దాని వెనక వచ్చే సర్వనామం లింగంలోనూ వచనంలోనూ దాన్నే అనుసరించాలి. కుర్రాడైతే హీ, అమ్మాయైతే షీ, కుర్చీ అయితే ఇట్, పదిమంది అయితే దే. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. చిక్కంతా ఆడో మగో తెలియని మనిషి వచ్చినప్పుడే. ఎవ్రీవన్, సమ్‌వన్, నోబడీ, ఈచ్... చూడ్డానికి ఎంత జనమున్నా ఇవన్నీ ఏకవచనాలేననీ, వాటి వెనక 'హిజ్' రావాలే తప్ప 'దేర్' రాకూడదనీ తమరి ఆజ్ఞ.

ఆ ఆజ్ఞని తు.చ. తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో చిత్తగించండి. "వెన్ ఐ వాక్‌డ్ ఇన్, ఎవ్రీవన్ స్టుడ్ అప్, సో ఐ ఆస్క్‌డ్ హిమ్ టు సిట్ డౌన్." లేచింది గదినిండా జనం, కూర్చోమన్నది ఒక్కణ్ణి. మిగతావాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు దొరా.

మా పనిలో తమరి మహిమ ఎలా ఉంటుందో ఒక్క వాక్యంతో చూపిస్తాను. "ద యూజర్ మస్ట్ చేంజ్ హిజ్ పాస్‌వర్డ్." ఆరే మాటలు, అర్థం కానివాళ్ళు లేరు. రివ్యూకి పంపాను. మొదటి కామెంటు హైదరాబాద్ టీమ్ నుంచి వచ్చింది: "ఆడవాళ్ళు మన సాఫ్ట్‌వేర్ వాడరా?" న్యాయమైన ప్రశ్నే. 'హిజ్ ఆర్ హర్' అని మార్చాను. ఆ పేరాలో పాస్‌వర్డ్ మాటిమాటికీ వస్తుంది, వచ్చినప్పుడల్లా 'హిజ్ ఆర్ హర్' చదివేసరికి మా లీడ్‌కి ఆయాసం వచ్చింది. "శుభలేఖలా ఉంది, తగ్గించండి" అంది. సరేనని 'దేర్' పెట్టాను. అప్పుడు దిగారు తమరు. మాకు గుంటూరు నుంచి వచ్చిన సీనియర్ ఒకాయన ఉన్నాడు, కాన్వెంటులో తమరి పేరు చెప్పి బెత్తం దెబ్బలు తిని పెరిగినవాడు. "యూజర్ సింగులర్, దేర్ ప్లూరల్, చెల్లదు" అని ఎర్ర అక్షరాల్లో రాశాడు.

పోనీ యూజర్‌నే బహువచనం చేసేస్తే పోలా అని "యూజర్స్ మస్ట్ చేంజ్ దేర్ పాస్‌వర్డ్స్" అన్నాను. దాని మీద టెస్టింగ్ అమ్మాయి బగ్ వేసింది: ఒక్కో యూజర్‌కి ఎన్ని పాస్‌వర్డ్‌లు ఉంటాయి? చివరి ఎస్ తీసేశాను. ఐతే అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డా అని సెక్యూరిటీవాళ్ళకి టెన్షన్ పట్టుకుంది. "ద పాస్‌వర్డ్ మస్ట్ బి చేంజ్డ్" అన్నాను. బానే ఉంది గానీ మార్చాల్సింది ఎవరు, మనమా వాళ్ళా అని సపోర్ట్ టీమ్ అడిగింది. ఆఖరికి యూజర్‌ని వాక్యంలోంచి గెంటేసి "చేంజ్ యువర్ పాస్‌వర్డ్" అని మొహం మీదే చెప్పేశాం. అందరూ ఓకే అన్నారు. తమరూ కిమ్మనలేదు.

అక్కడే నాకు ఒళ్ళు మండింది. ఆ 'యూ' జాతకం తమరికి తెలియంది కాదు. ఒకప్పుడు ఇంగ్లీషులో ఒక్కణ్ణి పిలవాలంటే 'దౌ'. 'యూ' అచ్చమైన బహువచనం. మర్యాద కోసం ఒక్కరిని కూడా 'యూ' అనడం మొదలుపెట్టి, ఆ మర్యాద ముదిరి 'దౌ'ని ఇంట్లోంచే వెళ్ళగొట్టారు. 1660లో జార్జ్ ఫాక్స్ అని, క్వేకర్లనే క్రైస్తవ శాఖ మతపెద్ద, ఒక్క మనిషిని 'యూ' అనేవాడు మూర్ఖుడని ఏకంగా ఒక పుస్తకమే వేయించాడు. ఆయన వాదన అచ్చం తమరి వాదనే. ఓడిపోయాడు. ఇవాళ ఎదురుగా ఉన్నది ఒక్కడే అయినా 'యూ ఆర్' అంటాం, 'ఆర్' బహువచన క్రియ కదా అని ఏ బెత్తమూ లేవదు. 'యూ'కి మాఫీ చేసిన అప్పుని 'దే' దగ్గర వడ్డీతో సహా వసూలు చేయడం ఏం న్యాయం?

పోనీ 'దే' నిన్నగాక మొన్న దారి తప్పిందా అంటే అదీ కాదు. 14వ శతాబ్దం రాతల్లోనే ఒక్క మనిషికి 'దే' వాడిన దాఖలాలున్నాయి. షేక్‌స్పియర్ వాడాడు, జేన్ ఆస్టిన్ వాడింది. 18వ శతాబ్దంలో వ్యాకరణ పండితుల సంత పెరిగాకే తమరికి పట్టాభిషేకం జరిగింది. అమెరికా నుంచి వచ్చి ఇంగ్లండులో యార్క్ దగ్గర స్థిరపడ్డ లిండ్లీ మరే అనే లాయరు 1795లో వేసిన తన వ్యాకరణంలో తమర్ని సూత్రంగా కూర్చోబెట్టాడు. 'ఎనీ వన్' వెనక 'దేర్' కనిపిస్తే కొట్టేసి 'హిజ్' రాయమన్నాడు. ఇంతా చేసి ఆ పుస్తకం ఎవరికోసం రాశాడయ్యా అంటే, యార్క్‌లోని ఒక ఆడపిల్లల బడి కోసం! తరగతినిండా అమ్మాయిలు, పాఠంలో 'హిజ్'. అన్నట్టు ఈ మరే కూడా క్వేకరే.

మా బెంగళూరు మారతహళ్ళిలో ఆ తరగతి ఇంకా నడుస్తోంది. మా పిన్ని కూతురు ఉండే లేడీస్ పీజీ హాస్టల్లో, చేతులు కడుక్కునే చోట ఒక బోర్డుంది: "ఎవ్రీ గెస్ట్ షుడ్ వాష్ హిజ్ ప్లేట్." ఓనరు నెల్లూరాయన. ఇదేమిటండీ అని మా చెల్లెలు అడిగితే, "ఎవ్రీ వస్తే హిజ్జే రావాలమ్మా, మా ఇంగ్లీషు మాస్టారు చెప్పారు" అన్నాడట. ఆ పిల్లలు అంతకన్నా గట్టివాళ్ళు. "హిజ్ ప్లేటు కదా, ఆయనెవరో ఆయనే వచ్చి కడుక్కుంటాడు" అని సింకులో పడేసి పోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ప్లేట్లు కడగడానికి మనిషిని పెట్టుకున్నాడు ఓనరు. తమరి పుణ్యాన ఒకరికి ఉపాధి దొరికింది, ఆ మాట ఒప్పుకోవాలి.

'హీ' అంటే అందులో 'షీ' కూడా ఉందనుకోమని చట్టమే చెప్తోంది కదా అంటారేమో. చెప్తోంది. మన 1897 జనరల్ క్లాజెస్ చట్టం, 13వ సెక్షన్: పుంలింగ పదాల్లో స్త్రీలు కూడా చేరతారు. రాజ్యాంగం 56వ అధికరణంలో రాష్ట్రపతి ఇప్పటికీ 'హీ'నే. 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపదీ ముర్ము ఆ 'హిజ్ ఆఫీస్'లోనే అడుగుపెట్టారు. తమాషా ఏమిటంటే, అదే సెక్షన్‌కి రెండో ముక్క ఉంది: ఏకవచనంలో బహువచనం చేరుతుంది, బహువచనంలో ఏకవచనమూ చేరుతుంది. మొదటి ముక్కని పట్టుకుని ఆడవాళ్ళని 'హీ'లో సర్దినప్పుడు, రెండో ముక్కని పట్టుకుని ఒక్క మనిషిని 'దే'లో ఎందుకు సర్దకూడదు? ఈ పాయింటు మీద మా సీనియర్ ఇంకా ఆలోచిస్తున్నాడు.

టీమ్ అనే మాట ఇంకో తలనొప్పి. లండన్ కస్టమర్‌కి "ద టీమ్ హావ్ ఫినిష్డ్ దేర్ వర్క్" అన్నా నడుస్తుంది, అమెరికా కస్టమర్‌కి 'హాజ్', 'ఇట్స్' కావాలి. అదే టీము, అదే పని. మధ్యాహ్నం కాల్‌లో బహువచనం, రాత్రి కాల్‌లో ఏకవచనం.

మధ్యేమార్గం కోసం వెతికినవాళ్ళూ ఉన్నారు. చార్లెస్ కాన్వర్స్ అని, భక్తిగీతాలకు బాణీలు కట్టిన అమెరికన్ లాయరు, 'థాన్' అనే కొత్త సర్వనామం తయారుచేసి 1884లో లోకానికి సమర్పించాడు. వెబ్‌స్టర్ నిఘంటువు 1934లో చోటిచ్చి, వాడేవాళ్ళు లేక 1961లో తీసేసింది. ఆ మెరియమ్-వెబ్‌స్టర్ వాళ్ళే 2019లో 'దే'ని ఆ ఏటి మాటగా ప్రకటించారు.

ఇక మా ఇళ్ళ సంగతి. "మావారు ఊళ్ళో లేరండీ" అని ఏ తెలుగావిడ అన్నా, ఎంతమంది లేరు అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా ఇంటి ఓనరమ్మ కన్నడంలో "నమ్మ యజమానరు" అంటుంది. ఆఫీసులో పక్క సీటు తమిళావిడ "ఎంగ వీట్టుకారర్" అంటుంది. మూడిళ్ళలోనూ ఉన్నది ఒక్కొక్క మొగుడే. పుట్టినప్పటి నుంచీ ఒక్కరిని బహువచనంలో పిలుస్తూ పెరిగినవాళ్ళం, ఇంగ్లీషు రాయాల్సి వచ్చేసరికి అదేదో అపచారమన్నట్టు వణికిపోతాం.

ఇంకోటి వినండి. "రమేష్ టోల్డ్ సురేష్ దట్ హీ హాడ్ లాస్ట్ హిజ్ జాబ్." తమరి లెక్కలో నిక్షేపంలాంటి వాక్యం. లింగం కుదిరింది, వచనం కుదిరింది. ఉద్యోగం పోయింది ఎవరికి? లేఆఫుల రోజుల్లో ఈ వాక్యం బెంగళూరులో బయటికొస్తే రెండిళ్ళలో పొయ్యి వెలగదు. రమేష్ "తన ఉద్యోగం పోయిందని" సురేష్‌తో చెప్పాడంటే రమేష్‌ది. "అతని ఉద్యోగం పోయిందని" చెప్పాడంటే సురేష్‌ది. పైగా ఈ 'తన' ఆడా మగా అని కూడా అడగదు. ప్రతి గెస్టూ తన ప్లేటు తనే కడుక్కోవాలి అని తెలుగులో రాయించి ఉంటే నెల్లూరాయనకి ఒక జీతం మిగిలేది.

అలాగని మేం సుద్దపూసలం కాదు. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. క్రియ దగ్గరికొచ్చేసరికి మా భాష ఆడమనిషిని తీసుకెళ్ళి బస్సు పక్కన నిలబెడుతుంది, మగవాడికి మాత్రం వచ్చాడు అని వేరే పీట వేస్తుంది. 'బందళు' అని కన్నడం, 'వందాళ్' అని తమిళం ఆమెకీ విడిగా చోటిచ్చాయి. అది మా లోపల తేల్చుకోవాల్సిన గొడవ. తమరు కల్పించుకోనక్కర్లేదు.

ఇంతకీ విన్నపం ఏమిటంటే, తమర్ని పొమ్మనడం లేదు. "ద బాయ్స్ ఫర్గాట్ హిజ్ బ్యాగ్స్" అని ఎవరైనా రాస్తే బెత్తం తీయండి, కావాలంటే నేనే అందిస్తాను. ఎవరో తెలియని మనిషి వెనక 'దేర్' కనిపించినప్పుడు మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోండి. ఈ సంగతి మా సీనియర్‌కి తమరే ఒక మెయిల్ పెట్టి చెప్పగలరు, నా మాట వినడు. ఆయనకి రాసేటప్పుడు హిజ్ ఆర్ హర్ అని తంటాలు పడనక్కర్లేదు, హిజ్ చాలు.

ఇట్లు,
తమ విధేయుడు / విధేయురాలు
తగనిది కొట్టివేయగలరు.