అడగడానికి లేని జంకు, మాట్లాడుకోవడానికి ఎందుకు?

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కునేవారికి అడ్వాన్సు ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి అన్న సంగతులు తేలకముందే ‘మీరేమిట్లు?’ అంటూ కులం అడిగే ప్రశ్న ఎదురవుతుంది. నేరుగా అడిగితే బాగుండదనుకున్న యజమాని ఇంటిపేరు అడుగుతాడు. ఇంటిపేరుతో తేలకపోతే సొంతూరు, ఆ ఊళ్లో ఇల్లు ఏ వైపు అని ఆరా తీస్తాడు. అప్పటికీ తేలకపోతే ‘ఇంట్లో నీచు వండుతారా?’ అన్న మాటతో బేరం ముగిస్తాడు. పేరు ముస్లింలదైతే అంతదూరం కూడా రాదు, ‘నిన్ననే ఒకరికి మాట ఇచ్చేశాం’ అన్న జవాబు గేటు దగ్గరే సిద్ధంగా ఉంటుంది. ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి వారం ఇదే పనిని ‘ఎంసెట్‌లో ర్యాంకెంత?’ అన్న ప్రశ్న చేసిపెడుతుంది. పెళ్లి ప్రకటనలు కులాల శీర్షికల కింద అచ్చవుతూనే ఉన్నాయి. ఎదుటివారి పుట్టుపూర్వోత్తరాలు తవ్వడానికి ఇంత చొరవ చూపే సమాజం, ఆ తవ్వకం వల్ల ఎవరు గుమ్మం దగ్గరినుంచే వెనుదిరగవలసి వస్తున్నదో ఆఫీసులోనో తరగతి గదిలోనో కూర్చుని మాట్లాడుకుందామంటే మాత్రం గొంతు సవరించుకుని లేచిపోతుంది.

ఈ మౌనానికి మర్యాద అని పేరు పెట్టుకున్నా లోపల ఉన్నది భయమే. అయితే ఆ భయం అందరిదీ ఒకటి కాదు. రిజర్వేషన్ సీటులో చేరిన విద్యార్థికి తాను ఎవరో బయటపడితే ప్రాజెక్టు బృందంలో చేర్చుకోరేమోనని, గైడు మాట తీరు మారుతుందేమోనని భయం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇంట్లోనే చెప్పి పంపించి ఉంటారు కూడా. పక్క బెంచీలో ఉన్న అగ్రకుల విద్యార్థి మంచివాడే కావచ్చు, కానీ ఒక్క మాట తప్పుగా దొర్లితే కులగజ్జి ఉన్నవాడన్న ముద్ర పడుతుందని, ఎవరైనా ఫోనులో రికార్డు చేస్తే జీవితాంతం వెంటాడుతుందని అతనికి బెదురు. ప్రిన్సిపాలూ మేనేజరూ భయపడేది పేరు పోతుందని. తేనెతుట్టెను కదపడమెందుకన్నది వారి లెక్క, ‘మా దగ్గర అలాంటివేమీ లేవు’ అన్నది వారి ప్రకటన. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో తూచలేం. ప్రిన్సిపాలుకు పోయేది సంస్థ ప్రతిష్ఠ, మంచివాడికి కలిగేది కాసేపటి ఇబ్బంది, మొదటి విద్యార్థికి పోయేది చదువు, ఒక్కొక్కసారి ప్రాణం.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జరిగింది ఇదే. ఐదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బయటకు పంపినప్పుడు వారు ఆవరణలోనే గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. అంతకన్నా సూటిగా ఎవరైనా చర్చకు పిలవగలరా? అయినా ఆ పిలుపు వినేవారు లేకపోయారు. 2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన వాదం అతడు దళితుడా కాదా అన్న ధ్రువపత్రం చుట్టూ తిరిగిందే తప్ప, విశ్వవిద్యాలయంలో విద్యార్థులు తమ కష్టం చెప్పుకునే చోటు ఎందుకు లేకపోయిందన్న దగ్గరికి రాలేదు. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్షపై ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2012లోనే నిబంధనలు జారీ చేసింది. నిబంధన కాగితం మీద ఉన్నా, ఆ గది తలుపు తట్టడం క్షేమమన్న నమ్మకం విద్యార్థికి కలగలేదంటే ఆ తప్పు విద్యార్థిది కాదు.

ఐఐటీ బొంబాయి ఈ విషయంలో ఆలస్యంగానైనా ఒక చిన్న, పనికొచ్చే అడుగు వేసింది. 2023 ఫిబ్రవరిలో అక్కడ మొదటి సంవత్సరం దళిత విద్యార్థి ఒకరు మరణించాక, అదే ఏడాది జారీ చేసిన మార్గదర్శకాల్లో తోటి విద్యార్థుల జేఈఈ ర్యాంకు, గేట్ స్కోరు అడగడం తగదని చెప్పింది, ఎందుకంటే అది కులం కనిపెట్టడానికి వేసే ప్రశ్నలా అనిపించవచ్చు. మాటలకు కళ్లెం వేస్తున్నారని దీనిపై విసుర్లు రాకపోలేదు. కానీ ర్యాంకు ప్రశ్న వెనుక ఉన్న అసలు ప్రశ్న ఏమిటో ఒక సంస్థ అధికారికంగా ఒప్పుకోవడమే ఇక్కడ విశేషం. ఏది వివక్షో ఇంత వివరంగా రాసి ఇచ్చినప్పుడే మంచివాళ్ల బెదురు కూడా తగ్గుతుంది. ఏది అనవచ్చో ఏది అనకూడదో తెలియనివాడే ఎక్కువ భయపడతాడు.

చదువు ముగించుకుని మన పిల్లలు చేరే ఐటీ కొలువుల్లో పరిస్థితి మరీ విచిత్రం. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో ఉన్న విదేశీ కంపెనీల కార్యాలయాల్లో వైవిధ్యం, చేరిక (డైవర్సిటీ, ఇన్‌క్లూజన్) అన్న పేరుతో శిక్షణ తరగతులు జరుగుతాయి. వాటి పాఠం చాలావరకు అమెరికాలో తయారైనది కనుక జాతి, వర్ణం, లింగం గురించి చెబుతుంది. ఆ గదిలో కూర్చున్నవారిని నిజంగా విడదీసే కులం ఊసు అందులో తరచూ ఉండదు. ఆపిల్, ఐబీఎం వంటి కొన్ని సంస్థలు తమ నియమావళిలో కులం పేరు చేర్చాయి గానీ అది మినహాయింపే. వీడియో చూసి, చివర్లో నాలుగు ప్రశ్నలకు టిక్కు పెట్టి, బతుకమ్మకు పట్టుచీరలు, క్రిస్మస్‌కు కేకు, రంజాన్‌కు హలీమ్‌తో వైవిధ్యం పూర్తయిందనుకుంటారు. హలీమ్ మీద ఎవరికీ అభ్యంతరం లేదు. అదే బృందంలో ఖాళీ వచ్చినప్పుడు రెఫరల్ (ఉద్యోగుల సిఫారసు) పేరిట ఎవరి బంధువు, ఎవరి కాలేజీ స్నేహితుడు లోపలికి వస్తున్నాడు, అలా వచ్చినవారిలో ‘మనవాళ్లు’ ఎంతమంది అన్న ప్రశ్న అడిగి చూడండి, గదిలో ఏసీ చప్పుడు తప్ప మరేమీ వినిపించదు.

సముద్రం దాటినా ఈ బెరుకు పోలేదనడానికి గూగుల్ ఉదంతం సాక్ష్యం. 2022 ఏప్రిల్‌లో దళిత హక్కుల కార్యకర్త తెన్మొళి సౌందరరాజన్ చేత అక్కడి ఉద్యోగులకు కులం గురించి ఒక ప్రసంగం ఏర్పాటు చేస్తే, కొందరు ఉద్యోగులు ఫిర్యాదులు గుప్పించారు. ప్రసంగం రద్దయింది, ఏర్పాటు చేసిన మేనేజరు ఉద్యోగానికి రాజీనామా చేశారు. ప్రపంచంలోని ప్రశ్నలన్నిటికీ జవాబు వెతికిపెట్టే సంస్థ ఒక్క గంట సంభాషణను భరించలేకపోయింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరం అదే. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన అటువంటి బిల్లును గవర్నర్ గావిన్ న్యూసమ్, ఉన్న చట్టాలు చాలునంటూ వీటో చేశారు. ఆ రాష్ట్రంలో తెలుగువారు ఎంత పెద్ద సంఖ్యలో ఉన్నారో తెలిసిందే కనుక ఈ వాదం మనకు పరాయిది కాదు. ఇక 2025 జనవరి 20న అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజే డొనాల్డ్ ట్రంప్ అక్కడి కేంద్ర ప్రభుత్వ శాఖల్లో వైవిధ్య కార్యక్రమాలను రద్దు చేశారు. కొన్ని ప్రైవేటు కంపెనీలూ అదే దారి పట్టాయి. వారి చట్టాలు వారిష్టం. కానీ అక్కడి ప్రధాన కార్యాలయం ఒక శిక్షణను మానేసిందని, ఆ ఉత్తర్వును చూపించి ఇక్కడి హెచ్‌ఆర్ విభాగాలు చేతులు దులుపుకోవడం కుదరదు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ ఏ కంపెనీ మెమోతోనూ మాసిపోదు.

మన దేశంలోనే ఒక సంకోచం ఎలా వదిలిందో గుర్తు చేసుకుంటే దారి కొంత కనిపిస్తుంది. పని చేసే చోట లైంగిక వేధింపు గురించి మూడు దశాబ్దాల కిందట ఏ ఆఫీసులోనూ బహిరంగంగా మాట్లాడేవారు కారు. చెప్పుకుంటే పరువు పోయేది చెప్పుకున్న ఆడమనిషికే. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకున్న భన్వరీ దేవిపై జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టులో, వాటిలో ఒకటైన ‘విశాఖ’ సంఘం పేరుతో ప్రసిద్ధమైన తీర్పు వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షత మహిళ వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి వ్యక్తి ఒకరు ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి, కమిటీ వేయని యజమాని యాభై వేల రూపాయల వరకు జరిమానా కట్టాలి. అన్ని కమిటీలూ బాగా పని చేస్తున్నాయని ఎవరూ అనరు. అమలులో లోపాలు తీవ్రంగా ఉన్నాయని 2023 మేలో సుప్రీంకోర్టే ఆవేదన చెందింది. అయినా కొత్తగా చేరిన ఉద్యోగినికి మొదటి రోజే ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద కనిపిస్తున్నాయి. మగ ఉద్యోగులకు కూడా ఏ మాట హద్దు దాటుతుందో తెలిసింది. జనం ధైర్యం తెచ్చుకున్నాక చట్టం రాలేదు. చట్టం ఒక చోటు చూపించాకే చాలామందికి నోరు విప్పే ధైర్యం వచ్చింది. అందులో బయటి వ్యక్తి పాత్ర చిన్నది కాదు. యజమాని జీతం మీద బతకని ఒక్క మనిషి ఆ గదిలో ఉంటే చెప్పేవారి గొంతు మారుతుంది.

వికలాంగుల హక్కులపై 2016లో వచ్చిన చట్టం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలంటోంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం 2019లో వచ్చిన చట్టం ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలంటోంది. హైదరాబాద్ పోలీసులు 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ సహాయకులుగా తీసుకున్నారు. కూడలిలో వారి చేయి చూసి రోజూ బండి ఆపే నగరవాసికి ఉపన్యాసాలు పోగొట్టలేని బెరుకు తనంతట తాను పోతుంది. ప్రైవేటు ఉద్యోగంలో కులం, మతం ఆధారంగా జరిగే వివక్షకు మాత్రం ఇటువంటి ఏర్పాటు ఏదీ లేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం శిక్షించేది నేరాన్ని. పైగా నాలుగు గోడల మధ్య బయటివారెవరూ లేనప్పుడు చేసిన అవమానం ఆ చట్టంలోని సంబంధిత సెక్షన్ కిందకు రాదని 2020 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే సమావేశపు గదిలో తలుపు వేసి అన్న మాటకు, పదోన్నతుల జాబితాలో పదే పదే గల్లంతయ్యే పేరుకు, భోజనాల బల్ల దగ్గర ఖాళీ అయ్యే పక్క కుర్చీకి చెప్పుకునే చోటు లేదు. వివక్షను సమగ్రంగా నిషేధించే బిల్లును 2017లో శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు సభ్యుడిగా ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు.

కులం మాట ఎత్తితే చిచ్చు రేగుతుందన్న వాదనకు మొన్నటి తెలంగాణ సర్వేయే జవాబు. 2024 నవంబరులో మొదలైన ఆ సర్వేలో ఇంటింటికీ వెళ్లి కులం అడిగారు, 3.54 కోట్ల మంది వివరాలు ఇచ్చారు. లెక్కల మీద తగువులు ఉన్నాయి, ఉంటాయి కూడా; రాష్ట్రం మాత్రం తగలబడలేదు. 2025 ఏప్రిల్ 30న కేంద్రం కూడా జనగణనలో కులాన్ని చేర్చాలని నిర్ణయించింది. గణకుడు గుమ్మంలో నిలబడి అడిగితే చెప్పగలిగిన మాటను ఆఫీసులో అనలేకపోవడానికి కారణం ఒక్కటే. గణకుడికి చెబితే ఉద్యోగానికి ముప్పు లేదు.

అందువల్ల ధైర్యం చేయమని బాధితులకు హితబోధ చేయడం ఈ పత్రిక పని కాదు. మొదట మాట్లాడవలసినవారు పోగొట్టుకోవడానికి తక్కువ ఉన్నవారే: విభాగాధిపతి, ప్రాజెక్టు మేనేజరు, ప్రొఫెసరు, అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడు. ‘పనివారు ఈ లిఫ్టు వాడరాదు’ అన్న బోర్డు తీసేయడానికి సంఘం అధ్యక్షుడికి ఒక్క తీర్మానం చాలు. రెఫరల్ నియామకాల లెక్క అడగడానికి మేనేజరుకు ఏ శిక్షణా అక్కర్లేదు.

ప్రభుత్వాలు చేయవలసినది కూడా చేతికి అందే దూరంలోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కార్యాలయాలకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టమే. అందులోని కొన్ని సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు ప్రభుత్వాలు ఉత్తర్వుల ద్వారా మినహాయింపులిస్తూ వచ్చాయి. రాత్రి పని చేసే మహిళలకు రవాణా సదుపాయం కల్పించాలి వంటి షరతులు వాటికి జోడించాయి. కులం, మతం, ప్రాంతం పేరిట వివక్షపై ఫిర్యాదులు వినడానికి బయటి సభ్యుడితో కూడిన కమిటీ ఉండాలి, ఫిర్యాదు చేసిన ఉద్యోగిపై ప్రతీకార చర్య తీసుకోకూడదు, ఎన్ని ఫిర్యాదులు వచ్చి ఎన్ని పరిష్కారమయ్యాయో పేర్లు లేకుండా ఏటా కార్మిక శాఖకు నివేదించాలి అన్న షరతును అదే వరుసలో చేర్చడానికి పార్లమెంటు కోసం ఎదురుచూడనక్కర్లేదు. తదుపరి ఉత్తర్వు ముసాయిదా కార్మిక శాఖ బల్ల మీదికి వచ్చేలోగా రెండు ప్రభుత్వాలూ దీనిపై ఉద్యోగ సంఘాలతో, కంపెనీలతో చర్చ మొదలుపెట్టాలని కోరుతున్నాం.