ఎవరి మోత వారిదే

సీతమ్మధారలో మేముండే అద్దె వాటాలోకి ఈ వైశాఖంలో పోర్టబుల్ ఏసీ ప్రవేశించిన నాటి నుంచి, మా ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినబడడం లేదన్న ప్రచారం బంధువర్గంలో సాగుతోంది. ఇది అర్ధసత్యం. ఫోను చేసిన మా పిన్ని "ఏరా, పిండిమరలో ఉన్నావా?" అని అడగడం నాకు స్పష్టంగానే వినబడింది, నా జవాబే ఆవిడకు వినబడలేదు.

గోడకు కన్నం వేయడం దొంగల పనేనని నమ్మే ఇంటి ఓనరు గారి దయవల్ల స్ప్లిట్ ఏసీ యోగం మాకు లేదు. అయితే కాస్త నిదానంగా ఆలోచిస్తే, ధర్మం మా పక్షానే ఉందని తేలుతుంది. స్ప్లిట్ ఏసీ వాడే గృహస్థు కంప్రెసరునూ, వేడిని ఊదే పెద్ద ఫ్యానునూ గోడ అవతలికి గెంటి, చల్లదనం తాను ఉంచుకుని, చప్పుడును పొరుగువారి కిటికీకి ధారపోస్తాడు. పోర్టబుల్ ఏసీలో కంప్రెసరూ, రెండు ఫ్యాన్లూ ఒకే పెట్టెలో, మంచానికి మూరెడు దూరంలో కాపురం చేస్తాయి కనుక, చల్లబడేవాడే మోత భరిస్తాడు. ముప్పై కిలోల ఆ పెట్టెను గది నుంచి గదికి ఈడ్చేది కూడా వాడే కనుక, మోత అన్న మాట రెండర్థాలలోనూ సార్థకమవుతుంది.

డబ్బా మీద 54 డెసిబెల్స్ అని రాసి ఉంది. "మనం మాట్లాడుకునే దానికంటే తక్కువే సార్" అన్నాడు షాపు కుర్రాడు, మామూలు సంభాషణ 60 దాకా ఉంటుంది కనుక అతనిది అబద్ధమేమీ కాదు. కాకపోతే మాట్లాడేవాళ్ళెవరూ రాత్రి రెండు గంటలకు మన తలాపున నిలబడి, ఊపిరి తీసుకోకుండా మాట్లాడరు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిమితి 45 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా తోస్తుందంటారు. అంటే వీధిలో నేరమనిపించుకునేది నా పడకగదిలో సంసారమనిపించుకుంటోంది. ఫిర్యాది, ముద్దాయి ఒకే దుప్పటి కింద పడుకున్న కేసును ఏ పోలీసు మాత్రం రాసుకుంటాడు?

గదిలోని గాలినే గొట్టం గుండా కిటికీ బయటికి ఊదడం ఈ యంత్రం పద్ధతి. పోయిన గాలికి బదులుగా తలుపు కింది సందుల్లోంచి విశాఖ ఉక్క తగుదునమ్మా అని లోపలికి వస్తుంది. దాన్ని చల్లార్చడానికి యంత్రం మళ్ళీ గింజుకుంటుంది. స్లీప్ మోడ్ అన్న మీట ఒకటి ఉంది గానీ, అది నొక్కితే ఫ్యాను నెమ్మదిస్తుందే తప్ప కంప్రెసరు నిద్రపోదు. ఎప్పుడో తెల్లవారుజామున అది కాసేపు ఆగిందా, ఆ హఠాత్తు నిశ్శబ్దానికి ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేస్తాం. సర్దుకుని పడుకునేలోగా గుడుక్కుమని మళ్ళీ అందుకుంటుంది, కిటికీ గట్టు మీది స్టీలు గ్లాసు చెంబును తాకి టింగుటింగుమంటుంది. సముద్రపు తేమకు లోపలి నీళ్ళ తొట్టి నిండిన రాత్రి మాత్రం అది కీచుకీచుమని నన్ను పిలిచి, బకెట్టు తెచ్చేదాకా పని మానేస్తుంది. మా ఆవిడ పాత బొంతను నాలుగు మడతలు పెట్టి దాని చక్రాల కింద వేశాక గచ్చు అదురు తగ్గింది. పెట్టె కొన్న నాకు తట్టని ఉపాయం అది.

పోయిన వారం ఓనరు గారు తమ పై వాటాకు స్ప్లిట్ ఏసీ పెట్టించుకున్నారు. సొంత గోడ కనుక కన్నానికి దోషం అంటలేదు; బయటి యూనిట్‌ను సరిగ్గా మా పడకగది కిటికీ నెత్తిన బిగించారు. మూడు రోజులాగి, మెట్ల మీద మా ఆవిడ ఎదురైతే, "ఏమ్మా, రాత్రిళ్ళు మా ఏసీ చప్పుడు మీకు ఇబ్బందిగా ఉంటోందా?" అని మొహమాటంగా అడిగారట.

"ఏ చప్పుడండీ?" అందట మా ఆవిడ.